నాలుగు వేళ్ళు దించిన బండి

మా ఆయన పోయిన రోజు మోటారు సైకిలు ఇంటి ముందరే ఉంది. తాళం చెవి కూడా దానికే వేలాడుతూ ఉంది.

పొద్దున ఎవరిదో బావి మోటారు బాగుచేసి వచ్చాడు. సంగటీ ఊరిబిండీ తిన్నాడు. వేపచెట్టు కింద నులక మంచం మీద వాలిన మనిషి కాసేపటికే లేచి కూర్చుని రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఊపిరాడలేదు మే. రొంత నీళ్ళీ" అన్నాడు.

నీళ్ళు తెచ్చేసరికి ఒళ్ళంతా చెమట కారుతోంది. మా ఇల్లు చేలో ఒంటరిగా ఉండేది. ఊరికి రెండు మైళ్ళు. ఊరి నుంచి చిత్తూరుకు ఇంకో ఆరు మైళ్ళు. నేను ఊరికి పరిగెత్తాను. అవి బెల్లం వండే రోజులు, మగవాళ్ళంతా గానుగల దగ్గర ఉన్నారు. ఎద్దుల బండి కట్టించుకుని వచ్చేటప్పటికి మా అత్త కొడుకు తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఆమే మూసేసింది. నా వైపు చూసి, తరువాత మోటారు సైకిలు వైపు చూసింది. ఆమె అనుకున్నదే నేనూ అనుకున్నాను. దాన్ని నడిపే మనిషి ఇంకొకరు ఇంట్లో ఉండి ఉంటే పెద్దాసుపత్రి అరగంట.

నడపడం నాకు బొత్తిగా రాదని కాదు. బావులకు కరెంటు మోటార్లు కొత్తగా పడుతున్న రోజులవి. మా ఆయన ఊరూరూ తిరిగి అవి బాగుచేసేవాడు. చేలకు అడ్డం పడి, వాగులూ వంకలూ దిగి ఎక్కి, రాళ్ళ మీద పోవాలి. మామూలు బండి అయితే అడుగు నేలకు తగులుతోందని, చిత్తూరులో ఒక మెకానిక్కు దగ్గర వెనక పొడుగాటి షాకబ్జర్లు వేయించి, బండినే పైకి లేపించాడు. ఆయన ఆరడుగుల మనిషి. ఆయన కూర్చుంటే మోకాళ్ళు వంచుకుని మరీ కాళ్ళు ఆనేవి. నేను ఆయన చంక కిందికి కూడా రాను. పెళ్ళిలో తలంబ్రాలప్పుడు నా కింద రెండు పీటలు వేశారు.

మాకు పిల్లలు లేరు. వానాకాలం పని లేని రోజుల్లో ఆయనకు పొద్దుపోక, బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టి నన్ను ఎత్తి కూర్చోబెట్టేవాడు. వెనక చక్రం గాల్లో తిరుగుతుంటే క్లచ్చి పట్టడం, గేరు మార్చడం నేర్పించాడు.

"అన్నీ వచ్చినాయి మే నీకి. ఇంక నేలే నీ దగ్గరికి రావల్ల" అని నవ్వేవాడు.

అత్త కూడా నవ్వేది. "దానికి నిచ్చెన కొనియ్యరా" అనేది.

ఆయన పోయాక ఇంట్లో ఇద్దరమే మిగిలాం. మొదటి మాసికానికి వాకిలి నిండా చుట్టాలు వచ్చారు. రెండోదానికి సగం మంది. మూడోదానికి విస్తరాకులు ఎక్కువ కోసి పెట్టుకున్నామని అత్త వాటిని ఆవుకు వేసింది. ఆ తరువాత మా వాకిట్లో వినిపించేది ఆవు గంట ఒక్కటే. అత్తా నేనూ కూడా మాట్లాడుకోవడం తగ్గించాం. ఏ మాట ఎత్తినా అది ఆయన దగ్గరికే పోయేది.

అత్తకు ఉబ్బసం ముందు నుంచీ ఉంది. కొడుకు పోయాక ఎక్కువైంది. నాలుగో నెలలో ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి అట్లాగే వంగిపోయి గాలి కోసం నోరు తెరిచింది. ఈల వేసినట్టు చప్పుడు. నేను వీపు రాస్తూ ఉన్నాను. పరిగెత్తితే ఈమె ఒక్కతే ఉండాలి. ఉంటే చూస్తూ ఉండాలి. ఆరోజు కాసేపటికి దానంతట అదే తగ్గింది. ఆమె ముఖం తుడుచుకుని, "పోయొచ్చినా" అంది, పక్క ఊరికి పోయి వచ్చినట్టు.

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. ఈమె కూడా పోతే ఈ చేలో నేను ఎవరితో మాట్లాడతాను?

"అత్తా, ఆ బండి నేను తోల్తా" అన్నాను.

ఆమె బండి వైపు తిరిగింది. వాకిలి గోడకు ఆనించిన బండి మీద గోనెపట్ట కప్పి ఉంది. కొడుకు పోయాక దాన్ని కదిలించింది లేదు.

"కాళ్ళు యాడ ఆనతాయి నీకి?" అంది.

"ఆనేట్టు దించుకుంటా. లేపినోళ్ళు దించలేరా?"

మరునాడు ఆమే గోనెపట్ట తీసింది. తడిగుడ్డతో దుమ్ము తుడిచింది. నేను అరుగు మీద నుంచి బండెక్కాను. ఆమె అటువైపు పట్టుకుని నిటారుగా నిలబెట్టింది. ఒక పక్కకు ఒరిగితే ముని వేళ్ళు నేలకు తగులుతున్నాయి, మధ్యలో ఉంటే రెండూ గాల్లోనే. మూడో తరగతితో బడి మానిన నాకు గానీ, బడి మొహం చూడని ఆమెకు గానీ ఇంచీల లెక్క రాదు. బండిని నిటారుగా ఉండేట్టే గోడకు ఆనించి, ఆమె నేల మీద చతికిలబడి నా పాదం కింద తన చెయ్యి పెట్టింది. ఒక వేలు, రెండు, మూడు, నాలుగు. నాలుగు వేళ్ళ మీద నా పాదం ముందు భాగం సరిగ్గా ఆనింది.

"నాలుగు వేళ్ళు" అంది.

"ఎవరి వేళ్ళని అడిగితే?"

ఆమె చీపురు నుంచి ఒక పుల్ల లాగి, తన నాలుగు వేళ్ళ మందానికి తుంచి నా చేతిలో పెట్టింది. "ఇది చూపించు."

"నువ్వు గూడా ఒక తూరి వెనకాల కూసో అత్తా, సూద్దాం" అన్నాను.

"ఏడాది తిరగనీ. వాని సంవత్సరీకం అయ్యేదాకా నేను దాని మీద కూసోను" అంది. అది ఆమె పెట్టుకున్న కట్టడి. నేను మళ్ళీ అడగలేదు. మేము చేసిన తప్పు అక్కడే ఉంది. అది బయటపడటానికి చాలా నెలలు పట్టింది.

పక్క చేను మామ బెల్లం వేసుకుని చిత్తూరు మండీకి పోతుంటే, ఆయన ఎద్దుల బండి మీదే మోటారు సైకిలు ఎక్కించాం. మామ దాన్ని తాళ్ళతో కడుతూనే బేరం పెట్టాడు.

"ఆడపిల్లవి, దీంతో ఏం జేస్తావు కోడలా? ఊరికే తుప్పు పడతాది. మా వోనికి ఇచ్చేయ్."

"మీ వోనికి కాళ్ళు పొడుగు మామా. దించినాక పనికి రాదు."

"దించేదా? బండిని దించేది యాడన్నా ఉండాదా? మనిషే పెరగల్ల."

"పెరిగే వయసు దాటిపోయింది" అన్నాను. ఆయన నవ్వాడు. చాలా నెలల తరువాత నా మాటకు ఒకరు నవ్వడం. దారి పొడుగునా అది గుర్తు పెట్టుకున్నాను.

మెకానిక్కుది అరవ నాడు, చిత్తూరులో చాలా ఏళ్ళుగా ఉన్నాడు. మండీ వెనక సందులో రేకుల కొట్టు. బండిని చూడగానే గుర్తుపట్టాడు. నన్ను చూశాడు, నా నుదురు చూశాడు, చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ కొంచెంసేపు తల వంచుకుని నిలబడ్డాడు.

"అన్న కోసరం దీన్ని లేపింది నేనేనక్కా" అన్నాడు.

"దించేది గూడా నువ్వే అప్పా."

చీపురు పుల్ల ఇచ్చాను. వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "ఏందక్కా ఇది?"

"మా అత్త నాలుగు వేళ్ళు."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. దాన్ని చెవి వెనక పెట్టుకున్నాడు, వడ్రంగులు పెన్సిలు పెట్టుకున్నట్టు. రోజంతా పని చేశాడు. వెనక రెండు షాకబ్జర్లూ ఊడదీసి, వాటి స్ప్రింగులు చెరి రెండు చుట్లు రంపంతో కోశాడు. ముందు ఫోర్కు గొట్టాలను వాటి బిగింపుల్లో పైకి జరిపి బిగించాడు. మధ్య మధ్య పుల్ల తీసి ఆనించి చూసుకునేవాడు. పక్క స్టాండు కూడా కొంచెం కోసి మళ్ళీ అతికించాడు. "ఇది కోయకపోతే బండి నిలవదక్కా. స్టాండు పొడుగై అవతలికి పడిపోతాది" అని చెప్పాడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

చివరికి సీటు రెక్సిను విప్పాడు. లోపల స్పాంజిలో ఒక గుంట ఉంది. ఆయన కూర్చుని కూర్చుని పడిన గుంట. పైన రెక్సిను ఉండగా నాకు ఎప్పుడూ కనిపించలేదు.

మెకానిక్కు కత్తి పట్టుకుని నా వైపు చూశాడు. "దీన్ని గూడా కోస్తేనే పుల్లకి సరిపోతాదక్కా. కోసేదా?"

"కొయ్యి."

కోసిన స్పాంజి ముక్కను పారెయ్యబోతే నేను అడిగి తీసుకున్నాను. సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చి అత్తకు ఏమీ చెప్పకుండా గూట్లో పెట్టాను. రెండు రోజుల తరువాత అది గూట్లో లేదు. ఆమె దిండు ఒక వైపు ఎత్తుగా ఉంది.

వేరుశనగ పీకిన చేలో నేర్చుకున్నాను. చీర అడ్డం పడుతుంటే అత్త పిలిచి, "నాట్లకి కట్టినట్టు గోచి పోసి కట్టు" అని తనే కట్టింది. మెత్తటి నేల, పడినా దెబ్బ తగలదు. చాలాసార్లు పడ్డాను. కాళ్ళు ఆనుతాయని తెలిశాక మాత్రం భయం తగ్గింది. ఆపినప్పుడల్లా రెండు పాదాల ముందు భాగాలు నేలను పట్టుకునేవి. మడమలు లేచే ఉండేవి. అది చాలు. గట్టు మీద కూర్చుని అత్త చూసేది. నేను మొదటిసారి చేను చుట్టూ ఆగకుండా తిరిగి వచ్చినప్పుడు, "వాడు గూడా ఆ మలుపులో అట్లనే ఒరిగేవాడు" అంది. అంతే. లేచి లోపలికి పోయింది. నేను బండి ఆపకుండా ఇంకో రెండు చుట్లు తిరిగాను, ముఖం ఆరేదాకా.

ఊర్లో మాటలు పుట్టాయి. మొగుడు పోయినామె మోటారు సైకిలు తోలుతోందని. ఎదురుపడితే పక్కకు తిరిగి పోయేవాళ్ళు. అంతకుముందు రాలేదు కాబట్టి ఇప్పుడు రాకపోయినా మా వాకిలికి తేడా తెలియలేదు.

సంవత్సరీకం అయింది. మరునాడు అత్త తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, బండి దగ్గరకు వచ్చి నిలబడింది.

"పద, పెద్దాసుపత్రి దాకా పోయి సూసొద్దాం. దారి నీకి తెలియల్ల కదా" అంది.

అత్త మంచి ఒళ్ళున్న మనిషి. ఆమె వెనక కూర్చోగానే బండి ఉస్సురని కిందికి దిగింది. నా మడమలు రెండూ నేలకు ఆనాయి. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం వంక దాకే.

మా చేలో నుంచి ఊరికి పోయే దారిలో ఒక ఎండు వంక ఉంది. అవతలి ఒడ్డు ఎక్కేచోట గట్టు నిటారుగా లేచి, కొసన ఆవు వీపులా ఉబ్బి ఉంటుంది. నేను ఒక్కదాన్నే ఎన్నోసార్లు దాన్ని దాటాను. ఆరోజు ముందు చక్రం దాటింది, వెనక చక్రం దాటలేదు. ఇంజను అడుగు రాతి మీద గర్రున గీసుకుని, బండి గట్టు వీపు మీద కూర్చుండిపోయింది. వెనక చక్రం ఊరికే తిరుగుతోంది.

"ఏమైందే?"

"దిగత్తా."

ఆమె దిగింది. బండి నాలుగు వేళ్ళు లేచింది. నేను ఒక్కదాన్నే నెట్టితే సులువుగా దాటింది. ఇద్దరం గట్టుకు ఇటొకరం అటొకరం నిలబడి ఒకరినొకరం చూసుకున్నాం. ఎవరి కోసం దీన్ని దించామో ఆ మనిషిని ఎక్కించి కొలవలేదు.

"దిగి నడిస్తే పోలేదా ఈడ" అంది అత్త.

"ఊపిరాడని నాడు యాడ నడుస్తావు?"

ఆమె రాతి మీద పడిన గీతను కాలితో రుద్దింది.

మెకానిక్కు దగ్గరికి పోయాను. అతను బండి కింద దూరి గీత చూసి, బయటకు వచ్చి తల గీరుకున్నాడు. "కోసిన స్ప్రింగు మళ్ళా పెరగదక్కా. పొడుగువి వేస్తే మీకి కాళ్ళు అందవు. పొట్టిగా ఉంటే పెద్దామెకు గట్టు తగలతాది. నేనేం జేసేది?"

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. ఆమె ఆవుకు గడ్డి వేస్తూ విన్నది. వేసి, మూలనున్న గడ్డపార తీసి భుజాన పెట్టుకుంది.

"బండి లేయకపోతే గట్టే దిగతాది" అంది.

పదకొండు రోజులు పట్టింది. నేను గడ్డపారతో గట్టు వీపు పగలగొట్టేదాన్ని. ఆమె కూర్చుని, చిన్న గంపలకు మట్టి ఎత్తి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తేది. ఆ మట్టిని గట్టుకు రెండు వైపులా పోసి వాలుగా తొక్కాం. ఆ పదకొండు రోజుల్లో మేము ఏడాదిలో మాట్లాడనంత మాట్లాడుకున్నాం. మా ఆయన చిన్నప్పుడు బావిలో పడిన సంగతి, ఆమె నాకు చెప్పనే చెప్పని తన పుట్టింటి సంగతులు. మామ దారిన పోతూ ఎద్దులను ఆపి, "అత్తాకోడళ్ళు రోడ్డు కాంట్రాక్టు పట్టినారా?" అన్నాడు. "నీ బండికి గూడా పనికొస్తాది, ఒక గంప ఎత్తు" అంది అత్త. ఆయన దిగి, నిజంగానే పది గంపలు ఎత్తి పోయాడు.

వాన వచ్చినప్పుడల్లా పోసిన మట్టి కొట్టుకుపోయి గట్టు మళ్ళీ వీపు చూపించేది. మళ్ళీ ఇద్దరం పోయి పోసేవాళ్ళం. ఒక్కోసారి పూర్తి కాకముందే బండి మీద పోవలసి వస్తే అడుగు కొంచెం తగిలేది. అప్పుడు వెనక నుంచి అత్త, "కడుపు గీసుకుంటాండాది నా కొడుకు బండి" అనేది.

అక్కరపడిన రోజు మంచు పడే కాలంలో, పొద్దున పాలు పితికే వేళ వచ్చింది. చెంబు పట్టుకుని వచ్చేసరికి ఆమె గడప దగ్గర కూలబడి ఉంది. పెదవులు నల్లగా ఉన్నాయి. ఈ తూరి తగ్గేది కాదని చూడగానే తెలిసింది. పాత చీర ఒకటి తీసి, ఆమెను వెనక కూర్చోబెట్టి, నా నడుముకూ ఆమె నడుముకూ కలిపి చుట్టి ముడి వేశాను. ఆమె తల నా వీపు మీద పడింది. ఈల చప్పుడు నా వీపులోనే పుడుతున్నట్టు ఉంది.

వంక దగ్గర వాలు నిలిచే ఉంది. తగలకుండా దాటాం.

చిత్తూరు పొలిమేరలో రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి. పెట్టె వెనక పెట్టె వస్తూనే ఉంది. ఆమె బరువంతా ఒక వైపుకు జారుతోంది. కాళ్ళు అందకపోయి ఉంటే ఇద్దరం కింద పడేవాళ్ళం. రెండు మడమలూ నేలకు తొక్కిపట్టి, బండినీ ఆమెనూ నిలబెట్టుకుని నిలుచున్నాను. పక్కన సైకిళ్ళవాళ్ళు చూస్తున్నారు. "అత్తా" అని పిలుస్తూనే ఉన్నాను. బదులు లేదు. వీపు మీద ఈల మాత్రం ఆగలేదు. అది వినపడుతున్నంతసేపు ఫరవాలేదని లెక్కపెట్టుకున్నాను. అన్ని పెట్టెలున్న రైలును నేను మళ్ళీ చూడలేదు.

పెద్దాసుపత్రిలో సూది వేశారు, ముక్కుకు గొట్టం పెట్టారు. మధ్యాహ్నానికి పెదవులకు రంగు వచ్చింది. నర్సమ్మ వచ్చి, "ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేది. ఎవరు తీసుకొచ్చారమ్మా నిన్ను?" అని అడిగింది.

అత్త గొట్టం పక్కకు జరుపుకుని, "నా కొడుకు బండి" అంది.

నర్సమ్మ పోయాక నా చెయ్యి తీసుకుని, నా నాలుగు వేళ్ళనూ తన గుప్పిట్లో పెట్టుకుని పడుకుంది.

ఆ తరువాత అత్త రెండేళ్ళకు పైగా ఉంది. ఎన్నోసార్లు నా వెనక కూర్చుని ఆసుపత్రికీ సంతకూ వచ్చింది. ఒకసారి పుత్తూరులో మా అమ్మ ఇంటి దాకా కూడా. పోయినప్పుడు మాత్రం బండితో పని పెట్టలేదు. మధ్యాహ్నం అన్నం తిని నిద్రపోయింది, అంతే. దిండు ఒక వైపు ఎత్తుగానే ఉంది. దాన్ని ఆమెతోనే పంపాను.

కర్మలయ్యాక మొదటిసారి బండి తీశాను. రైలు గేటు దగ్గర ఆపితే మడమలు ఆనలేదు. ముని పాదాల మీద నిలబడ్డాను. ఎప్పుడూ నేను ఒక్కదాన్నే ఎక్కితే అంతే కదా, కానీ ఆ రెండేళ్ళలో ఒక్కదాన్నే ఎక్కిన సందర్భాలు తక్కువ. మెకానిక్కు చూసి, "ఇంకొక చుట్టు కోస్తే సరిపోతాదక్కా, అర పూట పని" అన్నాడు. వద్దన్నాను.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. వంక దగ్గర వాలు కొట్టుకుపోయి, గట్టు పూర్తిగా వీపు చూపించింది. గడ్డపార మూలనే ఉంది. మట్టి పొయ్యలేదు, అవసరం పడలేదు. ఒక్కదాని బరువుకు బండి పైనే ఉంది, చప్పుడు లేకుండా దాటిపోతోంది. అయినా ఆ గట్టు ఎక్కేటప్పుడు మాత్రం నిదానిస్తాను. అడుగు తగులుతుందేమోనని కాసేపు వింటాను.